షిమీ తిట్లు, అబీషై కత్తి

కన్నకొడుకు అబ్షాలోము తిరుగుబాటు చేయగా దావీదు రాజు యెరూషలేము విడిచి, చెప్పులైనా లేకుండా ఏడుస్తూ వెళ్తున్నాడు. బహూరీము దగ్గర సౌలు కుటుంబానికి చెందిన షిమీ అనేవాడు ఎదురై రాళ్లు రువ్వాడు, దుమ్మెత్తిపోశాడు, నరహంతకుడివంటూ శాపనార్థాలు పెట్టాడు. పక్కనే నడుస్తున్న అబీషైకి రక్తం మరిగింది. ఈ చచ్చిన కుక్క మా రాజును తిట్టడమా, సెలవిస్తే తల తెచ్చేస్తానన్నాడు. దావీదు ఒప్పుకోలేదు, వాణ్ని తిట్టనివ్వమన్నాడు. 2 సమూయేలు 16వ అధ్యాయంలోని ఈ ఘట్టాన్ని దావీదు సహనానికి ఉదాహరణగా ఎన్నో ప్రసంగాల్లో విన్నాం. ఈ వారం మేము మాత్రం అబీషై దగ్గర కాస్త ఆగాలనుకుంటున్నాము.

షిమీ లాంటివాళ్లు ఏ రాజ్యంలోనైనా ఉంటారు. తిట్టు విన్న వెంటనే కత్తి మీద చెయ్యి వేసే అబీషైలు ఎంతమంది ఉన్నారు, వాళ్లను వద్దని ఆపే దావీదు ఉన్నాడా లేడా అన్నదే ప్రశ్న. 2021 అక్టోబరు 19న ఒక పార్టీ అధికార ప్రతినిధి నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిని ఉద్దేశించి ఒక తిట్టు మాట వాడారు. గంటలు గడవకముందే మంగళగిరిలోని ఆ పార్టీ కేంద్ర కార్యాలయంపై దాడి జరిగింది. సరిగ్గా నెలకు, నవంబరు 19న, తన భార్యను కించపరిచారంటూ నాటి ప్రతిపక్ష నేత శాసనసభ నుంచి బయటికి వచ్చేశారు. మళ్లీ ముఖ్యమంత్రిగానే అడుగుపెడతానని చెప్పి విలేకరుల ముందు కన్నీరు పెట్టారు. అలాంటి మాటలేవీ అనలేదని అధికార పక్షం చెప్పింది. 2024 జూన్ 21న ఆయన అన్నట్టే ముఖ్యమంత్రిగా సభకు తిరిగి వచ్చారు.

మరి ప్రభుత్వంతోపాటు భాష కూడా మారిందా? 2025 ఏప్రిల్‌లో మాజీ ముఖ్యమంత్రి భార్య గురించి అసభ్యంగా మాట్లాడిన ఒక కార్యకర్తను పోలీసులు అరెస్టు చేయాల్సి వచ్చింది. అతని పార్టీయే అతణ్ని సస్పెండ్ చేసింది. తెలంగాణ కూడా తీసిపోలేదు. 2024 అక్టోబరులో అక్కడి మంత్రి ఒకరు రాజకీయ ప్రత్యర్థిని విమర్శించే క్రమంలో ఒక సినీనటి విడాకుల విషయాన్ని లాగి, విమర్శలు వచ్చాక ఆ మాటలు వెనక్కి తీసుకున్నారు. ఈ మూడు సంఘటనల్లో పార్టీలు వేరు, ప్రాంతాలు వేరు. దెబ్బ మాత్రం ప్రతిసారీ ఆ పోటీలో లేని ఒక స్త్రీకే తగిలింది.

పూర్వకాలమంతా బంగారమని మేము అనడం లేదు. 1995 ఆగస్టులో హైదరాబాద్ వైస్రాయ్ హోటల్ ముందు ఎన్టీఆర్ మీద చెప్పులు పడ్డాయి. 2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు వచ్చిన రోజు మన తెలుగు సభ్యుడే లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు. అయినా పుచ్చలపల్లి సుందరయ్య, తెన్నేటి విశ్వనాథం, వావిలాల గోపాలకృష్ణయ్య లాంటివారు ప్రతిపక్షంలో కూర్చున్న సభ కూడా ఇదే రాష్ట్రం చూసింది. వారి పేరు చెబితే ఇప్పటికీ పెద్దవాళ్లకు గుర్తొచ్చేది వాళ్ల వాదనలే.

చట్టం ఈ విషయంలో కొంతవరకే పనికొస్తుంది. సభలో అన్న మాటకు కోర్టులో జవాబు చెప్పనక్కరలేదని రాజ్యాంగం 194వ అధికరణం శాసనసభ్యులకు రక్షణ ఇచ్చింది. పేదవాడి తరఫున నిర్భయంగా మాట్లాడడానికి ఇచ్చిన రక్షణ అది! స్పీకర్ ఒక మాటను రికార్డుల నుంచి తొలగించవచ్చు, కానీ అది అప్పటికే ప్రత్యక్ష ప్రసారంలో ఇంటింటికీ చేరిపోయి, సాయంత్రానికి మన ఫోన్లలో తిరుగుతుంటుంది. విమర్శ ప్రత్యర్థుల విధానాలకు, కార్యక్రమాలకు, గత పనితీరుకు పరిమితం కావాలని, ప్రజాజీవితంతో సంబంధం లేని వ్యక్తిగత జీవితం జోలికి పోవద్దని ఎన్నికల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. ఆ వాక్యం ప్రతి ఎన్నికకూ అమల్లోకి వస్తుంది, ఎన్నిక ముగియగానే దాని పనీ ముగుస్తుంది.

ఇక్కడ ఒక విశ్వాసి ప్రశ్న వేయవచ్చు. ప్రవక్తలు కటువుగా మాట్లాడలేదా, ప్రభువు హేరోదును నక్క అనలేదా అని. నిజమే, అన్నారు. నాతాను దావీదు పాపాన్ని దావీదు ముఖం మీదే చెప్పాడు. బాప్తిస్మమిచ్చు యోహాను హేరోదు అక్రమ వివాహాన్ని తప్పుబట్టాడు, అది రాజు చేసిన పని కనుక. వాళ్లు చేసిన పనిని పేరుపెట్టి చెప్పారు, బలవంతుడితో నేరుగా చెప్పారు, దాని ఖరీదు తామే చెల్లించారు. యోహాను తల పోయింది. మన కాలపు తిట్టుకు ఖరీదు చెల్లించేది ఎదుటివాడి తల్లి, భార్య, కూతురు. తిట్టినవాడికి మాత్రం చప్పట్లు, ఇంకొంచెం పెద్ద పదవి!

అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయంలో పౌలు న్యాయసభ ముందు నిలబడ్డాడు. ప్రధాన యాజకుడైన అననీయ అన్యాయంగా అతని నోటి మీద కొట్టమన్నాడు. పౌలు అతణ్ని సున్నం కొట్టిన గోడ అన్నాడు. ఆయన ప్రధాన యాజకుడని పక్కవాళ్లు చెప్పగానే, తనకు తెలియదన్నాడు, ప్రజల అధికారిని నిందించవద్దన్న నిర్గమకాండము 22:28లోని ఆజ్ఞను తానే గుర్తుచేశాడు. పౌలుకు నిజంగా తెలియదా, లేక అది వ్యంగ్యమా అని వ్యాఖ్యాతలు నేటికీ వాదించుకుంటారు. ఎలా చూసినా ఒకటి గమనించాలి. తనను కొట్టమనడం ధర్మశాస్త్రానికి విరుద్ధమన్న ఆరోపణను పౌలు వెనక్కి తీసుకోలేదు. తగ్గించుకున్నది నిందనే.

ఇప్పుడు మన సంఘాల సంగతికి వద్దాం, మేము ఈ మాటలు రాయడానికి అసలు కారణం అదే. ఆదివారం ఉదయం ఆరాధనలో పాలకుల కోసం ప్రార్థిస్తాం, 1 తిమోతికి 2వ అధ్యాయం మనకు ఆ బాధ్యత అప్పగించింది. మధ్యాహ్నం భోజనమైనా కాకముందే సంఘపు వాట్సాప్ గ్రూపులో ఒక నాయకుణ్ని పంది అని, మరొకణ్ని దొంగ అని పంపుతాం. పంపినవారిలో సంఘపెద్దలుంటారు, సండే స్కూలు టీచర్లుంటారు. ఒకే నోటి నుంచి స్తుతి, శాపం రెండూ రాకూడదని యాకోబు పత్రికలో చదివింది ఆ వారమే అయినా సరే! ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకున్న అన్నదమ్ములు ఓటు వేరైందని పలకరింపులు మానేసిన ఇళ్లు కాపరులందరికీ తెలుసు. పైగా సంఘ కమిటీ ఎన్నికలు వచ్చినప్పుడు మనం వాడే భాష శాసనసభను చూసి నేర్చుకున్నదో, శాసనసభే మన దగ్గర నేర్చుకున్నదో చెప్పడం కష్టం.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి, వినడానికి ఇబ్బందిగా ఉన్నా. నాయకుడు మన విశ్వాసానికి చెందినవాడైతే అతని అనుచరుల బూతులు మన చెవికి సోకవు. కానివాడైతే అతని చిన్న మాట కూడా దైవదూషణలా వినిపిస్తుంది. అబీషై కూడా దావీదు మీది భక్తితోనే కత్తి తీస్తానన్నాడు. భక్తి ఉన్నంత మాత్రాన దావీదు అతనికి సెలవివ్వలేదు. రాజ్యం తిరిగి చేతికొచ్చిన రోజున, 19వ అధ్యాయంలో, షిమీ వచ్చి కాళ్ల మీద పడ్డాడు. అబీషై మళ్లీ చంపుదామన్నాడు, దావీదు మళ్లీ వద్దన్నాడు. (మరణశయ్య మీద దావీదు షిమీని మరచిపోలేదని 1 రాజులు 2వ అధ్యాయం దాచకుండా చెబుతుంది. పగను పూర్తిగా వదలడం దావీదుకే అంత కష్టమైంది.)

కాపరులకు, సంఘపెద్దలకు మా మనవి ఒకటే. వచ్చే ఆదివారం పాలకుల కోసం చేసే ప్రార్థనలో ముఖ్యమంత్రి పేరు, ప్రతిపక్ష నాయకుడి పేరు రెండూ చెప్పండి. వారి భార్యాపిల్లల క్షేమాన్ని కూడా కలపండి. ఏ పేరు దగ్గర సంఘం ఆమెన్ గట్టిగా పలికిందో, ఏ పేరు దగ్గర గొంతులు తగ్గాయో శ్రద్ధగా వినండి. గ్రూపులో అడ్మిన్‌గా ఉన్న పెద్ద ఆ సాయంత్రం వచ్చిన మొదటి బూతు పోస్టును, అది తన పార్టీవాళ్లదైనా సరే, తీసేసి, పంపిన సహోదరుడికి విడిగా ఫోన్ చేసి మాట్లాడాలి.