ఎడారి గంజాయికి ఏసీ గదులెందుకు?

అమెరికాలో ఎండలకు పేరుమోసిన ప్రాంతాల్లో కాలిఫోర్నియాలోని కోచెల్లా లోయ ఒకటి. అక్కడి పామ్ స్ప్రింగ్స్‌లో 2024 జులై 5న ఉష్ణోగ్రత 51 డిగ్రీల సెల్సియస్ దాటింది. దానికి దగ్గర్లోని డెజర్ట్ హాట్ స్ప్రింగ్స్ అనే చిన్న పట్టణం 2001లో దివాలా పిటిషన్ వేసింది. ఖజానా నింపుకునే దారి వెతుకుతూ 2014లో వైద్య అవసరాల గంజాయిని పెద్ద ఎత్తున పండించుకోనిచ్చింది. దక్షిణ కాలిఫోర్నియాలో ఆ పని చేసిన మొదటి పట్టణం అదే. రెండేళ్లకు రాష్ట్రమంతా ఓటేసి వయోజనులు వాడుకోవడాన్నీ చట్టబద్ధం చేసింది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అనుమతి లేకుండా ఈ సాగు చేయడం నేరం. అక్కడ అనుమతించడం తప్పా ఒప్పా అన్న చర్చలోకి నేను వెళ్లడం లేదు. నా అభ్యంతరం సాగు పద్ధతి మీద. 25, 30 డిగ్రీల మధ్య బాగా పెరిగే మొక్కను ఎడారికి తెచ్చి, కిటికీలు లేని గోదాముల్లో దీపాల కింద నిలబెట్టి, ఆ దీపాల వేడిని ఏసీలతో రాత్రింబవళ్లు బయటికి తోడిపోస్తున్నారు. బయట ఏడాది పొడవునా ఎండ ఉచితంగా కాస్తున్న చోట ఇలా చేయడం దుబారా.

గదిలో వెలిగే దీపం వాడుకున్న విద్యుత్తు చివరికి దాదాపు అంతా వేడిగానే మిగులుతుంది. మొక్కలు ఆకుల ద్వారా వదిలే తేమను మరో యంత్రం పిండెయ్యాలి. అదీ వేడే పుట్టిస్తుంది. ఎడారిలో వీటికి గోడల గుండా వచ్చే సెగ తోడవుతుంది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో వేసిన లెక్క ప్రకారం అమెరికాలో గదుల్లో పండించే కిలో ఎండు గంజాయి వెనుక, ప్రాంతాన్ని బట్టి, 2,283 నుంచి 5,184 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలున్నాయి. వెలుతురు కన్నా గదిలో గాలిని మార్చడం, చల్లబరచడం, తేమను అదుపు చేయడమే ఇందులో పెద్ద భారమని వారు తేల్చారు.

నిజానికి ఎడారి పొడిగాలిలోనే చల్లదనం దాగుంది. 45 డిగ్రీల ఎండలో గాలి తేమ 10 శాతమే ఉంటే, తడి మెత్తల గుండా లాగిన గాలి 26, 27 డిగ్రీలకు దిగుతుంది. లీటరు నీరు ఆవిరైతే యూనిట్‌లో మూడింట రెండు వంతుల విద్యుత్తుకు సమానమైన వేడి పోతుంది. ఖర్చల్లా ఫ్యాన్లకు, చిన్న మోటారుకు. ఏప్రిల్‌లో అనంతపురంలో హాయినిచ్చే కూలరు విశాఖలో ఒళ్లంతా జిగట చేయడానికి కారణం కూడా గాలిలోని తేమే. ఈ పద్ధతి వాడే గ్రీన్‌హౌస్‌లో ఒక గోడంతా అట్టతో చేసిన ముడతల మెత్తలు, ఎదుటి గోడకు పెద్ద ఫ్యాన్లు, పైన షేడ్ నెట్ ఉంటాయి. అయితే ఆకుల గురించి పడే ఆరాటం వేళ్ల గురించీ పడాలి. నల్ల ప్లాస్టిక్ కుండీకి పడమటి ఎండ తగిలితే ఆ వైపు మట్టి గాలికన్నా వేడెక్కి, తెల్లగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. అప్పుడు నీళ్లెన్ని పోసినా మొక్క వాడిపోతూనే ఉంటుంది. తెల్లని బట్ట సంచీ, మట్టి మీద గడ్డి పరుపు, తెల్లవారుజామున తడి ఇస్తే చాలావరకు గట్టెక్కుతుంది.

మరి పెంపకందారులు గోదాములనే ఎందుకు పట్టుకున్నారు? 2014లో ఆ పట్టణం సాగు విస్తీర్ణంలో మొదటి 3,000 చదరపు అడుగులకు అడుగుకు ఏడాదికి 25 డాలర్లు, ఆ పైన 10 డాలర్లు చొప్పున పన్ను పెట్టింది. అడుగుకింత అని కట్టాల్సి వచ్చినప్పుడు ఎవరైనా ఆ అడుగులోనే వీలైనన్ని కోతలు పిండుకోవాలని చూస్తారు. ఏడాదికి ఐదారు కోతలు కావాలంటే దీపాలు, ఏసీలు తప్పవు. నాకు కనిపించే అసలు లోపం ఇదే. సాగుదారుడి అత్యాశ కన్నా పన్ను లెక్కే ఎక్కువ విద్యుత్తు తగలేయిస్తోంది.

తడి మెత్తలకు నీళ్లెక్కడివని అడిగేవారి మాట కొట్టిపారేయలేం. ఆ లోయ భూగర్భ జలాలను ఏళ్ల తరబడి తోడి, కొలరాడో నది నీటితో నింపుకుంటోంది. నీళ్లు బాగా తాగే అక్కడి గోల్ఫ్ మైదానాలను చూపించి తప్పించుకోవడం న్యాయం కాదు. పైగా నీటిలోని లవణాలు మెత్తల మీద తెల్లగా పేరుకుంటాయి, కొంత నీటిని వదిలేయక తప్పదు. జులై, ఆగస్టుల్లో దక్షిణం నుంచి తేమగాలి వచ్చిందంటే ఈ పద్ధతి చతికిలబడుతుంది కూడా. కాబట్టి ఆ నెలల్లో పంట వేయకపోవడమే మేలు. పొరుగున ఇంపీరియల్ లోయ రైతులు ఆకుకూరలను శీతకాలంలోనే పండిస్తారు. గంజాయి పగలు కురచైతేనే పూతకొచ్చే మొక్క, శీతకాలం దానికి సహజంగా నప్పుతుంది. దొంగల భయం, వాసన మీద ఇరుగుపొరుగు ఫిర్యాదులు నిజమైనవే. వాటికి కంచె, కాపలా, ఫ్యాన్లకు బొగ్గు వడపోతలు చాలు. కిటికీలు లేని గోడలే కావాలనేమీ లేదు. గదిలో పండిన మొగ్గకే మంచి ధర వస్తుందన్నది మాత్రం కాదనలేని వాదన. ఆ సరుకు కావాలనుకునేవారు దాని అసలు ఖర్చు భరించాలి. ఇప్పుడు అందులో కొంత ఎండాకాలం విద్యుత్ గ్రిడ్ మీద పడుతోంది.

కాలిఫోర్నియా 2023 నుంచి కొత్త సాగు గదుల దీపాలకు సామర్థ్య ప్రమాణాలు తప్పనిసరి చేసింది. మంచి అడుగే, కానీ దీపమే అక్కర్లేని పద్ధతికి అది ఏ మేలూ చేయదు. పట్టణాలు పన్నును విస్తీర్ణం మీద నుంచి తప్పించి, కిలో పంటకు ఖర్చయిన యూనిట్ల మీద వేయాలి. ఎండ వాడుకునే గ్రీన్‌హౌస్‌కు, జులై, ఆగస్టుల్లో సాగు ఆపేవారికి రేటు తగ్గించాలి.