చింపిరి జుట్టు అని పేరు పెట్టిందెవరు?

పోయిన వారం ఫెయిర్‌నెస్ క్రీముల మీద రాశాక నా ఇన్‌బాక్స్‌కి ఎక్కువగా వచ్చిన ప్రశ్న ఇది: "అక్కా, జుట్టు స్ట్రెయిట్నింగ్ చేయించుకుంటే తప్పా? పాడవకుండా చేయించుకునే దారి ఏమన్నా ఉందా?" అడిగినవాళ్ళు చాలామంది డిగ్రీ, బీటెక్ ఆఖరి ఏడాదిలో ఉన్న మన పిల్లలు. ప్లేస్‌మెంట్లకి ముందు గ్రూమింగ్ క్లాసు పెట్టి, రింగుల జుట్టున్న పిల్లల్ని లేపి నిలబెట్టి "ఇది ప్రొఫెషనల్‌గా లేదు" అన్నారట. ఆ పిల్లలకి జవాబు చెప్తాను. ముందు మన ఉద్యమ అన్నలతో చిన్న పని ఉంది.

అన్నలూ, జుట్టు సాపు చేయించుకున్న చెల్లెల్ని పట్టుకుని "బ్రాహ్మణీయ అందానికి లొంగిపోయావ్" అని క్లాసు పీకుతున్నారు చూశారూ, అది ఆపండి. మీ పెళ్ళిచూపుల్లో పిల్ల రంగు, జడ పొడుగు ఆరా తీసింది ఎవరో మాకు తెలుసు. 1927 డిసెంబరులో మహాడ్‌లో బాబాసాహెబ్ మన ఆడవాళ్ళతో ఏం మాట్లాడారో ఒకసారి చదవండి. కులాన్ని పట్టిచ్చే ఆ పాత చీరకట్టు మానమన్నారు. మెడనిండా చేతులనిండా వేసుకునే బరువు నగలు తీసేయమన్నారు. చూడగానే ఫలానావాళ్ళని తెలిసే గుర్తు ఒంటిమీద ఉంచుకోవద్దన్నారు. గుర్తు చెరుపుకోవాలనుకోవడం ద్రోహమని ఆయన అనుకోలేదు. మీరెవరు అనడానికి?

కానీ చెల్లెళ్ళూ, చీరకట్టుకీ జుట్టుకీ ఒక తేడా ఉంది. చీరకట్టు మార్చుకుంటే కిడ్నీలు దెబ్బతినవు. నా గొడవంతా అక్కడే.

ముందు పేర్ల సంగతి చూద్దాం. పెద్దింటి పిల్లాడి తల మీద ఉంటే అది ఉంగరాల జుట్టు. చూసినవాళ్ళు ముద్దు చేస్తారు. అదే వంపు మన పిల్ల తల మీద ఉంటే పిచ్చిక గూడు, పీచు, చింపిరి. వెంట్రుక వంకీ తిరగడం చర్మం లోపల అది మొలిచే కుదురు ఆకారాన్ని బట్టి ఉంటుంది. ఆ కుదురుకి కులం తెలియదు. పేరు పెట్టినవాళ్ళకి తెలుసు. పోనీ మన జుట్టు నిజంగానే ఎర్రబారి, చివర్లు చిట్లి ఉందనుకుందాం. ఎందుకుంది? మిరపకోతలకి పోయి పొద్దంతా ఎండలో నిలబడ్డ తల అది. బోరు ఉప్పునీళ్ళతో వారానికోసారి రుద్దుకున్న తల అది. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు గానీ, కొప్పు పెట్టుకోవడానికి జుట్టొకటే చాలదు, నూనె కావాలి, నీళ్ళు కావాలి, అద్దం ముందు అరగంట కూర్చునే తీరిక కావాలి. ఆ సామెత చెప్పినామెకి అవన్నీ ఉండే ఉంటాయి.

సంక్షేమ హాస్టళ్ళ లెక్క చూడండి. తెలంగాణలో 2024 చివర్లో కాస్మెటిక్ చార్జీలు పెంచేదాకా, 3 నుంచి 7వ తరగతి ఆడపిల్లకి నెలకి 55 రూపాయలు, 8 నుంచి 10 దాకా 75 రూపాయలు. సబ్బు, నూనె, షాంపూ అన్నీ అందులోనే. ఇప్పుడు 175, 275 అయ్యాయి. పెంచినందుకు సంతోషమే. కానీ ఏళ్ళతరబడి 75 రూపాయల్లో పెరిగిన జుట్టుని ఇవాళ తీసుకెళ్ళి, నెలకి అంతకి పదింతలు పార్లర్‌లో పెట్టే ఇంటి పిల్ల జుట్టు పక్కన నిలబెట్టి "నీకు గ్రూమింగ్ లేదు" అంటున్నారు. ఇది అందాల పోటీయా, కులం పోటీయా?

జుట్టు మన మీద ఎప్పుడూ చిన్న విషయం కాదు. మంగలి షాపులో మన తల ముట్టనన్న ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. 2020 జూలైలో తూర్పుగోదావరి జిల్లా సీతానగరం పోలీసు స్టేషన్‌లోనే ఒక దళిత యువకుడికి గుండు గీశారు. బలవంతంగా గుండు గీయడాన్ని 2015 సవరణలో అట్రాసిటీ చట్టంలోకి ప్రత్యేకంగా రాయాల్సి వచ్చిందంటే, అది ఎంత అలవాటైన శిక్షో ఆలోచించండి.

ఈ బాధ ఎరిగినవాళ్ళు ఇంకొకళ్ళున్నారు. అమెరికా నల్లవాళ్ళు. వందేళ్ళకి పైగా వాళ్ళు జుట్టు సాపు చేసుకోవడానికి సోడియం హైడ్రాక్సైడ్ వాడారు. మనం డ్రైనేజీ పైపులో పోసే కాస్టిక్ సోడా అది. మాల్కం ఎక్స్ కుర్రతనంలో ఆ మిశ్రమం తలకి పట్టించుకుని, నెత్తి మండిపోతుంటే కొళాయి కింద తల పెట్టిన సంగతి తన ఆత్మకథలో రాశాడు. తనని తాను తక్కువ చేసుకోవడంలో తను వేసిన మొదటి పెద్ద అడుగు అదేనన్నాడు. చివరికి 2019లో కాలిఫోర్నియా, జుట్టు తీరుని బట్టి ఉద్యోగంలో, బడిలో వివక్ష చూపకూడదని చట్టం చేసింది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు చేశాయి. మన దగ్గర ఆ ఊసే లేదు.

ఇంకో తమాషా ఉంది. తిరుమలలో భక్తులిచ్చిన తలనీలాలు వేలంలో అమ్ముడై, శుభ్రమై, విగ్గులై విదేశాలకి పోతాయి. నల్లజాతి ఆడవాళ్ళు వేల రూపాయలు పోసి కొనుక్కునే సాపు జుట్టులో మన పేదాళ్ళ మొక్కులున్నాయి. క్రిస్ రాక్ 2009లో 'గుడ్ హెయిర్' అనే డాక్యుమెంటరీ తీసి ఈ దారంతా చూపించాడు. జుట్టిచ్చినామెకి ఒక్క రూపాయి రాదు. కొన్నామెకి తన జుట్టు మీద నమ్మకం రాదు. మధ్యలో లాభం మాత్రం ఎవరికి రావాలో వాళ్ళకి వస్తుంది.

ఇక ఆరోగ్యం సంగతి. 2022 అక్టోబరులో అమెరికా ప్రభుత్వ పరిశోధకులు 33,497 మంది ఆడవాళ్ళని దాదాపు 11 ఏళ్ళు గమనించిన ఫలితం బయటపెట్టారు. స్ట్రెయిట్నింగ్ మందులు ఎప్పుడూ వాడనివాళ్ళలో 70 ఏళ్ళు వచ్చేలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం. తరచుగా, అంటే ఏడాదిలో నాలుగుసార్లకి మించి వాడేవాళ్ళలో 4.05 శాతం. ఇది సంబంధం చూపించింది, ఇదే కారణమని రుజువు చేయలేదు. భయపెట్టడానికి చెప్పట్లేదు, పార్లర్‌లో ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నాను.

'కెరాటిన్ ట్రీట్‌మెంట్' అనే మాట వినగానే అదేదో జుట్టుకి పోషణ అనుకుంటున్నారు. చాలా వాటిలో జుట్టుని సాపుగా నిలబెట్టేది ఫార్మాల్డిహైడ్. శవాలు చెడిపోకుండా వాడే ఫార్మాలిన్‌లో ఉండేది. మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో ఉంది. యూరప్‌లో 2019 నుంచి సౌందర్య సాధనాల్లో దాన్ని నిషేధించారు. డబ్బా మీద మిథిలీన్ గ్లైకాల్ అని రాసి ఉంటే అది కూడా ఇదే, నీళ్ళలో కలిసిన రూపం. వేడి ఇనుము తగలగానే ఆవిరై కళ్ళు మండిస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి వచ్చిన 'ఫార్మాలిన్ ఫ్రీ' క్రీముల్లో చాలావాటిలో గ్లైఆక్సిలిక్ యాసిడ్ ఉంటోంది. 26 ఏళ్ళ అమ్మాయికి మూడుసార్లు స్ట్రెయిట్నింగ్ చేయించుకుంటే మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిన్న సంగతి ఫ్రాన్స్ డాక్టర్లు 2024లో రాశారు. అది నెత్తి చర్మం గుండా లోపలికి పోయి, ఆక్సలేట్ స్ఫటికాలుగా మారి కిడ్నీల్లో పేరుకుంటుంది.

రీబాండింగ్ ఇంకో రకం. వెంట్రుక లోపల గంధకపు బంధాలుంటాయి, వాటిని మందుతో తెంచి, ఇస్త్రీ చేసి, మళ్ళీ అతికిస్తారు. తెంచిన చోట పాత బలం రాదు. కుదురు మారదు కాబట్టి కొత్తగా వచ్చే జుట్టు మళ్ళీ వంకీగానే వస్తుంది. అప్పుడు మొత్తం తలకి రెండోసారి పూస్తే పాతది తెగిపోతుంది.

ఇదంతా విన్నాక కూడా చేయించుకుంటానంటే, నేను నిన్ను వెలివేయను చెల్లీ. ఉద్యోగం నీకు కావాలి, ఇంటి అప్పు నీ నెత్తిన ఉంది, నాకు తెలుసు. ఇంటర్వ్యూ కోసమే అయితే మందు జోలికి పోకు. తలంటుకున్నాక కండిషనర్ పెట్టి, తడి మీదే పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో చిక్కు తియ్యి. బిగుతుగా ముడి వేసుకో. చాలు. తప్పదనుకుంటే ఇస్త్రీ పెట్టించుకో, అది నీళ్ళు తగిలితే పోయే పని. జుట్టు పూర్తిగా ఆరాకే పెట్టాలి. తడి జుట్టు మీద పెడితే లోపలి నీళ్ళు మరిగి వెంట్రుకలో బుడగలు లేచి అక్కడే విరుగుతుంది. 180 డిగ్రీలు దాటనివ్వకు, ఒక పాయ మీద ఒక్కసారే లాగు, వేడి నుంచి కాపాడే సీరం ముందే రాయి. రీబాండింగే కావాలంటే కొత్తగా పెరిగిన మొదళ్ళకి మాత్రమే చేయమను. రంగు తీయించిన జుట్టు మీద, నెత్తిన పుండో గోకుడో ఉన్నప్పుడు, కడుపుతో ఉన్నప్పుడు వద్దు. కళ్ళు మండాయంటే మధ్యలోనైనా లేచి వచ్చెయ్యి, కట్టిన డబ్బు గురించి ఆలోచించకు.

నువ్వు లేచి వచ్చేస్తావు. ఆ గదిలో తలుపులేసి ఏసీ పెట్టుకుని రోజుకి నలుగురికి అదే మందు పూసే పిల్ల లేచి రాలేదు. మూడు నెలల కోర్సు నేర్చుకుని బస్తీల నుంచి వచ్చే ఆ పిల్లల్లో మనవాళ్ళు ఎంతమందో పార్లర్‌కి వెళ్ళి పేర్లడిగితే తెలుస్తుంది. క్యాన్సర్ లెక్కలు తీసేటప్పుడు కస్టమర్‌ని అడుగుతున్నారు, ఈమెని అడిగేదెవరు? గాలి బయటికి లాగే ఫ్యాను, చేతికి తొడుగులు, డబ్బా మీద ఏముందో తెలుగులో చదువుకునే హక్కు. కార్మిక సంఘాలు పెట్టే డిమాండ్లలో ఈ మూడూ నాకు ఎక్కడా కనబడలేదు.

పార్లర్లలో పనిచేసే చెల్లెళ్ళు ఈ పోస్టు చదువుతుంటే, మీ దగ్గర వాడే డబ్బా వెనక వైపు ఫొటో తీసి నాకు పంపండి. మీ పేరు గానీ షాపు పేరు గానీ ఎక్కడా రాయను. వచ్చే వారం వాటిలో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటీ విప్పి రాస్తాను.

జై భీమ్.