మాట పాతదే, అర్థమే మారిపోయింది

విశ్వాసికి మరణం అంతం కాదు, నిద్ర. ప్రియమైనవారిని సమాధి చేసే వేళ ఈ నిరీక్షణతోనే మనం పిడికెడు మన్ను వేస్తాం. ఆ సమయంలో సేవకులు ఎక్కువగా తెరిచే వాక్యభాగం థెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయం. ప్రభువు వచ్చేనాటికి బతికి ఉన్నవారు నిద్రించినవారికంటే ముందుగా ఆయన సన్నిధికి చేరిపోరని, క్రీస్తునందు మృతులైనవారే మొదట లేస్తారని అపొస్తలుడు అక్కడ ధైర్యం చెబుతాడు (4:15, 16). తెలుగులో ఇందులో ఏ చిక్కూ లేదు. అదే వచనాన్ని ఇంగ్లిషు కింగ్ జేమ్స్ బైబిలులో చూడండి. అక్కడ ‘ప్రివెంట్’ అని ఉంటుంది. ఇవాళ బడికి వెళ్లే పిల్లవాణ్ని అడిగినా ప్రివెంట్ అంటే ఆపడం, అడ్డుకోవడం అని చెబుతాడు. మరి బతికి ఉన్నవారు మృతులను అడ్డుకోవడమేమిటి? దుఃఖంలో ఉన్న కుటుంబానికి అందవలసిన ఆదరణ ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతుంది.

ఆ అనువాదకులు తప్పు చేయలేదు. 1611 నాటి ఇంగ్లిషులో ప్రివెంట్ అంటే ‘ముందు వెళ్లడం’. లాటిన్‌లో దాని మూలార్థం అదే. 119వ కీర్తన 147వ వచనంలో భక్తుడు తెల్లవారకముందే లేచి మొరపెట్టానని చెప్పే చోట కూడా కింగ్ జేమ్స్ అనువాదంలో ఉన్నది ఇదే మాట. ఇప్పటి అర్థంతో చదివితే ఆయన సూర్యోదయాన్నే ఆపేశాడనుకోవాలి!

పాత బైబిలులో తెలియని మాటలతో పెద్ద ప్రమాదం లేదు. తెలియదు కాబట్టి నిఘంటువు చూస్తాం, పెద్దలను అడుగుతాం. మోసం చేసేవి తెలిసినట్టు కనిపించే మాటలు. ‘లెట్’ అన్న చిన్న మాటే తీసుకోండి. లెట్ అంటే ‘కానివ్వు’ అని మనకు తెలుసు. కానీ 2 థెస్సలొనీకయులు 2:7లో ఆ మాటకు అర్థం సరిగ్గా దానికి వ్యతిరేకం, ‘అడ్డగించడం’. రోమా 1:13లో పౌలు తాను రోమాకు రాకుండా ఆటంకపరచబడ్డానని చెప్పినప్పుడూ అంతే. ఈ పాత అర్థం ఇంకా పూర్తిగా చచ్చిపోలేదు. మన భారతదేశపు పాస్‌పోర్టు తెరిచి చదవండి. దీన్ని కలిగినవారిని ‘లెట్ ఆర్ హిండ్రన్స్’ లేకుండా వెళ్లనివ్వాలని రాష్ట్రపతి పేరిట కోరే మాటలు అందులో ఉన్నాయి. అక్కడ లెట్ అంటే ఆటంకమే. గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లిన మన సంఘస్థులంతా ఆ మాటను జేబులో పెట్టుకునే విమానం ఎక్కారు.

మార్కు 10:14లో చిన్నపిల్లల్ని తన దగ్గరకు రానివ్వమని యేసుప్రభువు చెబుతాడు. కింగ్ జేమ్స్‌లో అది ‘సఫర్’. ఇంగ్లిషు మీడియంలో చదివే సండే స్కూలు పిల్లలు ప్రభువు దగ్గరకు రావాలంటే మేమెందుకు బాధపడాలి అని అడిగితే వాళ్ల తప్పేమీ లేదు. ‘కాన్వర్సేషన్’ సంగతి ఇంకా విచిత్రం. అవిశ్వాసులైన భర్తలు వాక్యం లేకుండానే భార్యల నడవడివల్ల రాబట్టబడవచ్చని పేతురు రాశాడు (1 పేతురు 3:1). ఆ నడవడికి కింగ్ జేమ్స్ అనువాదకులు వాడిన మాట కాన్వర్సేషన్. ఇప్పుడు దాని అర్థం సంభాషణ. మాట లేకుండా మాటలతో గెలవమన్నట్టు తయారైంది! మౌనంగా బతికి చూపించమన్న బోధ కాస్తా భర్తకు పొద్దస్తమానం చెప్పమన్న బోధగా మారిపోయింది.

అన్నిటికంటే ఎక్కువ నష్టపోయిన మాట ‘చారిటీ’. 1526లో విలియం టిండేల్ తన ఇంగ్లిషు కొత్త నిబంధనలో 1 కొరింథీ 13కు ‘లవ్’ అనే వాడాడు. చారిటీ అనకుండా లవ్ అన్నందుకు సర్ థామస్ మోర్ ఆయన మీద విరుచుకుపడ్డాడు. బైబిలును జనం భాషలోకి తెచ్చినందుకు టిండేల్ 1536లో ప్రాణమే ఇచ్చాడు. అయినా 1611లో ఆ అధ్యాయంలో చారిటీయే నిలిచింది. 1881లో వచ్చిన సవరణ అనువాదంలో గానీ మళ్లీ లవ్ అన్న మాట రాలేదు. ఇవాళ చారిటీ అంటే దానధర్మాలు, చందా రసీదులు. ఆస్తి అంతా బీదలకు పంచిపెట్టినా ప్రేమ లేకపోతే వ్యర్థమని మూడో వచనం చెబుతుంది. అక్కడ ప్రేమను తీసి దానం అని పెట్టి చదవండి, వచనం తనను తానే కొట్టేసుకుంటుంది.

ఇదంతా ఇంగ్లిషువారి గొడవ, మనకెందుకని కొందరు అనుకోవచ్చు. మనకెందుకంటే, మన వేదికల మీద ‘ఇంగ్లిషులో అయితే ఇలా ఉంది’ అంటూ తెలుగు బైబిలును దిద్దే అలవాటు బాగా ముదిరింది. అలా దిద్దేవారి చేతిలో చాలాసార్లు ఉండేది ఫోన్‌లో ఉచితంగా దొరికే కింగ్ జేమ్సే. 1 థెస్సలొనీకయులు 5:22లో ప్రతివిధమైన కీడుకూ దూరంగా ఉండమని తెలుగు అనువాదం చెబుతోంది. గ్రీకులో ఉన్న ‘ఏయిడోస్’కు రూపం, రకం అని అర్థం. కింగ్ జేమ్స్‌లో ‘అప్పియరెన్స్’ అని ఉంది. దాన్ని పట్టుకుని ‘చెడు కాకపోయినా సరే, చూసేవారికి చెడుగా కనిపిస్తే పాపమే’ అని ప్రసంగిస్తారు. చర్చి గేటు దగ్గర సాటి విద్యార్థితో రెండు నిమిషాలు మాట్లాడిన ఆడపిల్లను సంఘం ముందు నిలబెట్టడానికి ఈ వచనమే ఆధారమవుతుంది. సాటి విశ్వాసికి అభ్యంతరం కలిగించకూడదన్న బోధ బైబిలులో వేరే చోట ఉంది (1 కొరింథీ 8). అది ప్రేమతో మనంతట మనం తగ్గించుకోవడం, ఇంకొకరి మెడకు ఉరి బిగించడం కాదు. లోకం కంటికి ఎలా కనిపిస్తామన్నదే కొలత అయితే సుంకరులతో కలిసి భోజనం చేసి తిండిబోతు అనిపించుకున్న మన ప్రభువు (మత్తయి 11:19) ఆ కొలతకు ఆగేవాడా?

కొండమీది ప్రసంగంలో రేపటి గురించి చింతించవద్దన్న చోట (మత్తయి 6:34) కింగ్ జేమ్స్‌లో ఉన్న మాట ‘థాట్’. అంటే రేపటి గురించి ఆలోచనే చేయకూడదని కాదు. ఆ రోజుల్లో థాట్‌కు ఆందోళన అనే అర్థమూ ఉండేది. గాడిదలను వెతుకుతూ వెళ్లిన సౌలు, తండ్రి ఇక మన కోసం కంగారు పడతాడని పనివాడితో అన్నప్పుడూ ఇదే మాట (1 సమూయేలు 9:5). ఈ తేడా తెలియక, పిల్లల చదువుకు నాలుగు డబ్బులు దాచుకోవడం కూడా అవిశ్వాసమని చెప్పేవారున్నారు. తెలుగులో ‘చింత’ అన్న మాట ఎంత చక్కగా కుదిరిందో వారు గమనించరు.

అలాగని కింగ్ జేమ్స్‌ను పక్కన పడేయమనడం లేదు. ఒక్క విషయంలో అది నేటి ఇంగ్లిషు అనువాదాలకంటే మేలు. ‘దౌ’ అంటే నీవు, ‘యీ’ అంటే మీరు. ఇప్పటి ఇంగ్లిషులో రెంటికీ ‘యూ’ ఒక్కటే. లూకా 22:31, 32లో సాతాను కోరుకున్నది శిష్యులందరినీ, ప్రభువు ప్రత్యేకంగా వేడుకున్నది పేతురు కోసం. నీకొదేముతో మాట్లాడుతూనే కొత్తగా జన్మించవలసింది ‘మీరు’ అని ప్రభువు అందరినీ కలిపేశాడు (యోహాను 3:7). కొత్త ఇంగ్లిషులో ఈ తేడా సులువుగా పట్టుబడదు. మన తెలుగులో మొదటినుంచీ ఉంది. దౌ అనేది దేవుడి కోసం కేటాయించిన గౌరవ పదమని చాలామంది భ్రమ. ఆ బైబిలులో సాతానును కూడా దౌ అనే పిలిచారు. ప్రార్థనలో దేవుణ్ని ‘నీవు’ అంటే అమర్యాద అని ‘మీరు’కు మారిపోతున్న మన యువకులు కూడా ఈ సంగతి తెలుసుకోవాలి.

కింగ్ జేమ్స్ ఒక్కటే దేవుని వాక్యమనే వాదన మన దగ్గరకూ వచ్చింది. ఆ అనువాదకులే దీనికి ఒప్పుకోరు. రాజుగారి ప్రసంగాన్ని వేరే భాషల్లోకి మార్చినా అది రాజు ప్రసంగమే అయినట్టు, సాదాసీదా అనువాదం కూడా దేవుని వాక్యమేనని తమ ముందుమాటలో వారే చెప్పారు. పైగా ఇవాళ అచ్చవుతున్న ప్రతులు చాలావరకు 1769లో ఆక్స్‌ఫర్డ్‌లో సరిదిద్దినవే. ఇంగ్లిషులోనే చదవాలనుకునే యువకులు 1982లో వచ్చిన న్యూ కింగ్ జేమ్స్‌ను పక్కన పెట్టుకుని చదివితే పై చిక్కుల్లో చాలావరకు తీరిపోతాయి.

ఇక మన ఇంటి సంగతి. మరియ యోసేపుకు ‘ప్రధానము’ చేయబడిందని మత్తయి 1:18లో ప్రతి క్రిస్మస్‌కూ చదువుతాం. ప్రధానం అంటే పెళ్లి నిశ్చయమని పెద్దలకు తెలుసు. పిల్లలకు తెలిసింది ప్రధానమంత్రి, ప్రధానోపాధ్యాయుడు. దీపాన్ని ‘కుంచము’ కింద పెట్టరన్నప్పుడు (మత్తయి 5:15) ధాన్యం కొలిచే కుంచం చూడని పట్నం పిల్లలు రంగులు వేసే కుంచె అనుకుంటారు. ‘తిత్తి’ని ఎంతమంది చూశారు? ఈ డిసెంబరులో క్రిస్మస్ వాక్యం చదివించేముందు ప్రధానం అంటే ఏమిటో సండే స్కూలు టీచర్లు ఒక్క నిమిషం ఆగి పిల్లలను అడగాలి. వచ్చే జవాబులు కాగితం మీద రాసి పాస్టరుగారికి ఇవ్వాలి.