అన్నా, బండికి ఏ ఆయిల్ బెస్ట్?

నాకొచ్చే మెసేజ్‌లలో సగం ఇదే ప్రశ్న. కాలేజీ తమ్ముళ్లు అడుగుతారు, స్కూటీ మీద ఆఫీసుకెళ్లే చెల్లెళ్లు అడుగుతారు, రోజంతా డెలివరీలు ఇచ్చేవాళ్లు అర్ధరాత్రి అడుగుతారు. అందరికీ కావాల్సింది ఒక బ్రాండ్ పేరు.

నా జవాబు కొంచెం నిరుత్సాహంగానే ఉంటుంది. బెస్ట్ ఆయిల్ అంటూ ఏదీ లేదు. మీ బండికి సరిపడే ఆయిల్ ఉంటుంది, అంతే. అది ఏదో బండితో పాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో రాసే ఉంటుంది. మనం దాన్ని కవర్ కూడా విప్పకుండా బీరువాలో పెట్టేస్తాం కాబట్టి కనపడదు.

మాన్యువల్‌లో చూడాల్సినవి మూడే. మొదటిది చిక్కదనం: 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-50 లాంటివి. ఇక్కడ డబ్ల్యూ అంటే వింటర్. రెంటచింతల ఎండల్లో తిరిగేవాడికి వింటర్‌తో పనేంటి అంటారా? ఇంజిన్ వేడెక్కితే ఆయిల్ వంద డిగ్రీల దగ్గరికి వెళ్తుంది. దాంతో పోలిస్తే మన మే నెల పొద్దున కూడా దానికి చల్లగానే ఉన్నట్టు. మొదటి అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. రెండోది వేడి మీద ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. సెల్ఫ్ కొట్టిన మొదటి కొన్ని సెకన్లలో ఆయిల్ పైదాకా ఎక్కాలి. ఎక్కేలోపు ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి. అందుకే "చిక్కటిది పోస్తే ఇంజిన్‌కి బలం" అని 10డబ్ల్యూ-30 బండిలో డ్రమ్ములోని 20డబ్ల్యూ-40 పోయబోతే వద్దనండి.

రెండోది ఏపీఐ గ్రేడు. ఎస్‌జే, ఎస్‌ఎల్, ఎస్‌ఎన్ అని ఉంటుంది. ఎస్‌తో మొదలైతే పెట్రోల్ ఇంజిన్‌కి అని అర్థం. రెండో అక్షరం ముందుకి వెళ్లేకొద్దీ కొత్త ప్రమాణం.

మూడోది చాలామంది వదిలేసేది, అసలైనది: జాసో గుర్తు. గేర్ల బండికి ఎంఏ లేదా ఎంఏ2, స్కూటర్లకి ఎక్కువగా ఎంబీ. ఈ తేడా ఎందుకో మా బావ అడిగిన ప్రశ్నతో చెప్తాను. ఆయన డాలస్‌లో ఉంటాడు. పెరట్లో గడ్డి కోసే మిషన్‌కి కారు ఆయిలే పోస్తాడు. "పన్నెండేళ్లుగా ఒక్క తాడు లాగితే స్టార్ట్ అవుతోంది బావా. అదీ సింగిల్ సిలిండరే, గాలితో చల్లబడేదే. మీ బండికి మాత్రం వేరే ఆయిల్ ఎందుకు?" అన్నాడు.

తేడా క్లచ్‌లో ఉంది బావా అన్నాను. ఆ మిషన్‌లో ఆయిల్ ఇంజిన్‌ని మాత్రమే చూసుకుంటుంది. మన గేర్ల బండిలో ఇంజిన్, గేర్లు, క్లచ్ ప్లేట్లు మూడూ అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కొన్ని కారు ఆయిల్స్‌లో మైలేజీ కోసం జారుడు పెంచే రసాయనాలు కలుపుతారు. కారుకి మంచిదే. కానీ క్లచ్ ప్లేట్లు పట్టుకోవాలి గానీ జారకూడదు కదా! జారితే ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. ఎంఏ గుర్తు ఉంటే క్లచ్ జారదని పరీక్ష చేసిన ఆయిల్ అన్నమాట. స్కూటర్‌లో క్లచ్ ఆయిల్‌లో ఉండదు కాబట్టి దానికి ఎంబీ నప్పుతుంది. ఎంఏ ఆయిల్ స్కూటర్‌లో పోస్తే ఇంజిన్‌కి నష్టం లేదు. ఎంబీ తెచ్చి గేర్ల బండిలో పోస్తేనే ఇబ్బంది.

సరే, సరైన ఆయిల్ పోశారు. ఇక దాన్ని మార్చేదెప్పుడు? "నల్లగా అయింది కాబట్టి పాడైంది" అంటారు. కొత్త ఆయిల్ కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. ఇంజిన్‌లోని మసిని కడిగి తనలో పెట్టుకుంటోంది కాబట్టి నలుపు. రంగు చూసి కాదు, కిలోమీటర్లూ నెలలూ చూసి మార్చాలి. ఒక్క రంగుకి మాత్రం భయపడాలి. పాలు కలిపిన టీ రంగులోకి వస్తే లోపల నీళ్లు కలిశాయని లెక్క. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడని ముంచినట్టు ఎప్పుడైనా బండి మునిగితే సెల్ఫ్ కొట్టకండి. ముందు ఆయిల్ దింపించి చూపించండి.

కిలోమీటర్ల లెక్క కూడా అందరికీ ఒకటి కాదు. మాన్యువల్‌లో 6000 అని ఉందనుకోండి. రోజుకి వంద తిరిగే డెలివరీ తమ్ముడికి అది రెండు నెలల్లో వచ్చేస్తుంది. "మొన్ననేగా మార్పించా" అనుకుంటాడు. రోజుకి ఆరే తిరిగే కాలేజీ అమ్మాయికి మూడేళ్లు దగ్గర పడుతుంది. ఆమె బండి బాగుంటుందా అంటే, ఉండదు. రెండు మూడు కిలోమీటర్లకే ఆగిపోయే ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు. లోపల చేరిన తేమ, పెట్రోల్ ఆవిరైపోకుండా ఆయిల్‌లోనే కలిసిపోతాయి. తక్కువ తిరిగినా ఏడాదికొకసారి మార్చాల్సిందే.

మధ్యలో లెవెల్ చూడటం ఇంకా ముఖ్యం. కారులో మూడు లీటర్లకి పైగా ఆయిల్ ఉంటుంది. మన వంద సీసీ బండిలో ఉండేది దాదాపు లీటరే. అందులో 200 మిల్లీలీటర్లు ఖర్చయితే అయిదో వంతు పోయినట్టే. నెలకోసారి సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ కాసేపు తిప్పి ఆపి, రెండు మూడు నిమిషాలాగి గేజ్ తీసి చూడండి. గేజ్‌ని బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది మాన్యువల్‌లో ఉంటుంది. కొన్ని బళ్లకి గేజ్ బదులు పక్కన అద్దం ఉంటుంది.

మా నాన్న బండి 2003 స్ప్లెండర్. పదిహేనేళ్లు నిండాక ఒకసారి, ఆ తర్వాత అయిదేళ్లకి ఇంకోసారి ఆర్సీ రెన్యూవల్ అయింది. ఇంజిన్ ఇంతవరకూ బోర్‌కి రాలేదు. ఆయన ఖరీదైన ఆయిల్ ఎప్పుడూ పోయలేదు. పాకెట్ క్యాలెండర్ వెనక తేదీ, రీడింగ్ రాసుకుంటాడు, అంతే. మెకానిక్ "ఇంకో నెల లాగొచ్చు సార్" అన్నా లాగడు. లీటరు ఆయిల్ అంటే ఒక సినిమా టికెట్, పాప్‌కార్న్ ఖర్చు. ఇంజిన్ విప్పితే బిల్లు వేలల్లో. ఆ వేలు అప్పు చేసి తెచ్చేవాడికీ, బండి ఆగితే ఆ రోజు సంపాదన ఆగేవాడికీ ఈ లెక్క ఇంకా బాగా తెలుసు.

సింథటిక్ మంచిదేనా? మంచిదే, వేడిని ఎక్కువ తట్టుకుంటుంది. కానీ "సింథటిక్ పోశాంగా" అని మార్చే టైమ్ రెట్టింపు చేస్తే లాభం పోయినట్టే. టైమ్‌కి మార్చిన మామూలు ఆయిల్, టైమ్ దాటిన సింథటిక్ కన్నా నయం.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఆయిల్ మీ కళ్ల ముందు సీల్ తీసి పోయమనండి. ఖాళీ బాటిల్‌ని మళ్లీ ఎవరూ నింపి అమ్మకుండా చిల్లు పొడిచేయండి. దింపిన పాత ఆయిల్ డ్రైనేజీలో పోయనివ్వకండి. చట్టం లెక్కలో అది ప్రమాదకరమైన వ్యర్థం. షెడ్డులో డబ్బాలో పోగుచేసి రీసైక్లింగ్‌కి ఇచ్చే మెకానిక్ దొరికితే వదులుకోకండి.

మాన్యువల్ పోయిందా? కంపెనీ సైట్‌లో మీ మోడల్ పీడీఎఫ్ వెతికి, ఆయిల్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. ఈసారి ఆయిల్ మార్పించగానే మీటర్ రీడింగ్ ఫొటో కూడా తీయండి. తేదీ ఫోనే వేసుకుంటుంది. తర్వాత ఎప్పుడు మార్చాలో క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టేయండి. నాన్న క్యాలెండర్ వెనక రాసుకున్నది మీ జేబులో ఉంటుంది.