ఈదొచ్చిన పిల్లలకు దద్దుర్లా? మీ ఎడ్ల ముక్కు చూడండి

నల్గొండ, మహబూబ్‌నగర్ రైతులారా, చెరువులో ఈదొచ్చిన పిల్లల ఒంటిమీద దురద దద్దుర్లు లేస్తే నీళ్లలో ఎవరో మందు కలిపారని అనుకోకండి. పశువుల రక్తనాళాల్లో బతికే సిస్టోసోమా పురుగు కారణం కావచ్చు. ఎడ్లకు ముక్కు గురక తెచ్చే రకాన్ని 1933లోనే రావు వివరించారు. గురకపెట్టే ఎద్దు నీళ్లు తాగేటప్పుడు చీమిడితోపాటు గుడ్లు నీళ్లలో పడతాయి. వాటి పిల్లలు నత్తల్లో పెరిగి, పగటిపూట బయటికొచ్చి, మనిషి చర్మంలోనూ దూరతాయి. అక్కడే చస్తాయి. దురద సాధారణంగా వారంలో తగ్గుతుంది, గోకితేనే పుండ్లు.

గట్టెక్కగానే పొడి తువ్వాలుతో గట్టిగా తుడవండి. నత్తలున్న నాచు ఒడ్డున దిగనివ్వకండి. నత్తల కోసం బాతులను వదలమనే సలహా నాకు నచ్చదు, నీటిపక్షులూ ఇలాంటి పురుగులను మోస్తాయి. మైలుతుత్తం చల్లితే చేపలు పోతాయి. జ్వరమొస్తే డాక్టరుకు, గురక ఎద్దును పశువైద్యుడికి చూపించండి. తగ్గేదాకా దానికి తొట్టిలోనే నీళ్లు పెట్టండి.