అరవై నిండితే హాలే బుక్ చేయాలా?

పోయిన వారం మన గ్రూపులో ఒకాయన రెండు ముక్కలు రాశారు: వచ్చే నెల అరవై నిండుతుంది, ఒక్కణ్ణే కుమార పర్వతం ఎక్కి వస్తాను, అని. అంతే, సాయంత్రం దాకా మెసేజ్‌లే మెసేజ్‌లు. ఇంట్లో గొడవా అని ఒకరు, బీపీ మాత్రలు మరవొద్దని ఒకరు, షష్టిపూర్తికి హాలు మేం మాట్లాడతామని ఇంకొకరు. పాపం, రాత్రికి ఆయన తన మెసేజ్ తీసేశారు. అది మాకు బాధేసింది.

అరవై దాటిన మేము కొందరం అడుగుతున్నాం. అదే మనిషి అలిపిరి మెట్లు 3,550 ఒంటరిగా ఎక్కుతానంటే దండం పెట్టి పంపమా? తిరువణ్ణామలైలో పౌర్ణమి రాత్రి ముసలమ్మలు చెప్పుల్లేకుండా 14 కిలోమీటర్లు నడుస్తారు. వాళ్లనెవరైనా ఇంట్లో గొడవా అని అడిగారా? దేవుడి పేరు చెబితే భక్తి, చెప్పకపోతే పిచ్చి! కుమార పర్వతం కింద ఉన్నది కుక్కే సుబ్రహ్మణ్యస్వామే కదా, కావాలంటే ఆయన పేరే చెప్పుకోండి.

షష్టిపూర్తి తప్పని మేము అనడం లేదు. తమిళ బళ్లో చదివిన మాకు తిరుక్కడయూర్ సంగతి తెలియనిది కాదు. విశ్వావసులో పుట్టినవాళ్లకి 2025 ఉగాదితో మళ్లీ విశ్వావసు వచ్చింది, మనిషి మళ్లీ పుట్టాడని లెక్క. మరి అలా పుట్టినవాణ్ణి ఒక్క రోజైనా తనకి నచ్చిన చోటికి పోనివ్వం. పీటల మీద కూర్చోబెట్టి, నీళ్లు పోసి, సాంబారులో ఉప్పు తక్కువైందని అనుకుంటూ ఇంటికి పోతాం.

రైల్వేలో అరవై నిండిన నెల ఆఖరు రోజున పంపేస్తారు. ఒకటో తారీఖున పుట్టినవాడికి ముందు నెల ఆఖరే. ఏళ్ల తరబడి ఊరందరి ప్రయాణాలకీ కాగితాలు రాశాం. శాలువా కప్పించుకుని ఇంటికొచ్చాక లెక్క చూసుకుంటే, పెళ్లికో చావుకో తప్ప మాకోసం మేము బండెక్కింది ఒక్కసారీ లేదు.

భయం మాట నిజమే. అది 1,712 మీటర్ల కొండ, మోకాళ్లు పట్టేసే దారి, వానల్లో జలగలు. 2024 జనవరిలో అక్కడ జనం విరగబడ్డాక అటవీ శాఖ ఆన్‌లైన్ టికెట్ పద్ధతి పెట్టింది. కాబట్టి టికెట్ తీసుకో, డాక్టరుకి చూపించుకో, ఏ దారిన పోతున్నావో ఇంట్లో రాసిపెట్టు, చీకటి పడకముందే దిగు అని చెప్పండి. అది పెద్దరికం. వద్దు అనడం పెద్దరికం కాదు.

ఇంకో మాట. ఇదే కోరిక మన ఆడవాళ్లలో ఎవరికైనా ఉంటే? గ్రూపులో రాయనే రాయరు. కోడలి కాన్పు, మనవడి బడి అయ్యాక చూద్దాంలే అని లోపలే పెట్టుకుంటారు. అరవై ఏళ్లూ ఆ ఇంటికే ఇచ్చినవాళ్లు వాళ్లే కదా!

అన్నా, మీరు ఆ మెసేజ్ మళ్లీ పెట్టండి. రైల్లో పోతే సుబ్రహ్మణ్య రోడ్ స్టేషన్‌లో దిగాలి. పగటి బండే చూసుకోండి. సకలేశపురం దాటాక ఘాట్‌లో 57 సొరంగాలు వస్తాయి, కిటికీ సీటు వదలొద్దు.