గుండె బాగుంటే సరిపోదు, జబ్బు పేరు చెప్పండి



గుండెపోటు లక్షణాల గురించి మీ పత్రికలో తరచూ రాస్తున్నారు. మంచి పని. కానీ ఛాతీ పట్టుకుని పరుగున వచ్చి, గుండె బాగానే ఉందని తేలినవాళ్ల సంగతి ఎవరూ రాయడం లేదు. నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇసిజి తీస్తుంటాను. ఈ ఉత్తరం వాళ్ల కోసం.

రాత్రిపూట ఆటోలో తీసుకొస్తారు. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయి ఉంటుంది. ఛాతీ తుడిస్తే తప్ప లీడ్లు నిలవవు. ఒళ్లు వణుకుతుంటే కాగితం మీద గీతా వణుకుతుంది. ‘మూతి చుట్టూ తిమ్మిరెక్కుతోంది, ఊపిరాడటం లేదు, నేను పోతున్నాను, పిల్లల్ని పిలవండి’ అంటారు. ఇసిజి, రక్తపరీక్ష బాగుంటే వాళ్లకు దక్కే జవాబు ఒకటే: ‘ఏమీ లేదు, టెన్షన్. ఇంటికెళ్లి పడుకో.’ ఇంటివాళ్లు విసుక్కుంటూ తీసుకెళ్తారు.

చచ్చిపోతానని వణికిన మనిషికి ఆ మాటతో ధైర్యం రాదు. ఈ డాక్టర్లకు జబ్బు దొరకలేదు అనుకుంటాడు. ఇంకో ఆసుపత్రికి వెళ్తాడు. ఎకో, ట్రెడ్‌మిల్, అప్పుచేసి యాంజియోగ్రామ్ దాకా పోతాడు. మరికొందరు గ్యాస్ మాత్రలు మింగుతారు, దిష్టి తీయిస్తారు.

ఏమీ లేకపోవడం కాదు, అది పానిక్ అటాక్. శరీరం కారణం లేకుండానే ప్రమాదఘంట కొడుతుంది. గుండె దడ పెరుగుతుంది. ఊపిరి గబగబా తీయడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. వాటిని చూసి గుండెపోటే అనుకోవడంతో భయం ఇంకా పెరుగుతుంది, ఆ భయానికి దడా పెరుగుతుంది. సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, చాలామందిలో అరగంటలోపు దిగిపోతుంది. ఒకసారి వచ్చి పోతే జబ్బు అనరు. చెప్పాపెట్టకుండా మళ్లీ మళ్లీ వస్తూ, మళ్లీ ఎప్పుడొస్తుందోనన్న బెంగ నెలకు పైగా పట్టుకుంటే అది పానిక్ డిజార్డర్. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లోనే దీన్ని విడి జబ్బుగా గుర్తించింది.

పట్టించుకోకపోతే మనిషి బతుకు ముడుచుకుపోతుంది. బస్సెక్కడు, లిఫ్టెక్కడు, పెళ్లికెళ్తే గుమ్మం పక్కనే కూర్చుంటాడు. దర్శనం క్యూ కంపార్టుమెంట్లలో తలుపులు వేస్తారని తిరుమల మానుకున్నవాళ్లు నాకు తెలుసు. తోడు లేకుండా వీధి చివరికి వెళ్లనివాళ్లూ ఉన్నారు.

బాధేమిటంటే దీనికి మంచి వైద్యం ఉన్నా వీళ్లకు అందడం లేదు. సిబిటి (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే చికిత్సలో ఉన్నచోటే పరుగెత్తించి, కుర్చీలో గిరగిరా తిప్పి, భయపెడుతున్న దడనూ తల తిరుగుడునూ కావాలనే తెప్పిస్తారు. వాటివల్ల ప్రాణం పోదని శరీరమే నేర్చుకుంటుంది. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటి మందులూ ఉన్నాయి. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో గాభరా కాస్త ఎక్కువ కావచ్చు కాబట్టి డాక్టర్లు చిన్న మోతాదుతో మొదలుపెడతారు. ఈ సంగతి ముందే చెప్పకపోతే రోగి రెండో రోజే మానేస్తాడు. జబ్బు పేరే తెలియనివాడు మెడికల్ షాపులో అల్‌ప్రజోలామ్ స్ట్రిప్పు పట్టుకుంటాడు. అది త్వరగా ఉపశమనం ఇస్తుంది, ఆపై అలవాటైపోతుంది. చీటీ లేకుండా అమ్మకూడని హెచ్-1 జాబితాలో ఉన్నా చేతికి అందుతూనే ఉంది.

ఛాతీ నొప్పి వస్తే పానిక్ అని ఇంట్లో కూర్చోమని నేను అనడం లేదు. మొదటిసారి తప్పకుండా ఆసుపత్రికి రావాలి. గుండె, థైరాయిడ్ చూపించుకోవాలి. నేను అడుగుతున్నది ఆ తర్వాతి మాట గురించి. క్యాజువాలిటీలో తీరిక ఉండదు, ‘మానసికం’ అంటే ఇంటివాళ్లు కోప్పడతారు అంటారు డాక్టర్లు. తీరిక లేని మాట నిజమే, రోజూ కళ్లారా చూస్తున్నాను. కానీ చీటీ మీద రెండు వాక్యాలు రాయడానికి ఎంతసేపు పడుతుంది? ‘గుండె బాగుంది. ఇది పానిక్ అటాక్‌లా ఉంది, సైకియాట్రిస్టును కలవండి.’ దాని కింద 14416 అని టెలీ మానస్ నంబరు. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ఈ ఉచిత ప్రభుత్వ సేవలో రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీరు కూడా ఈసారి గుండెపోటు లక్షణాల పట్టిక వేసినప్పుడు, పక్కనే ఈ జబ్బు పేరూ ఆ నంబరూ వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఇసిజి టెక్నీషియన్, గుంటూరు